గ్యాలరీ కబుర్లు: కోచ్‌ని పంపించడానికి 650 కోట్లా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీదే ఉన్నాయండి, నేనే ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థమైంది, సిక్కోలు, విజీనారం పిల్లలు ఎమ్మెస్ అని వెళ్ళి అక్కడ కూర్చున్నారు కదా, ఆదివారం ఇంటికి ఫోన్ చేసి "మా కోచ్ వెళ్ళిపోయాడు" అని వాపోతున్నారట, ఇక్కడ అమ్మానాన్నలకి అదేటో తెలీక నాకు రాస్తున్నారు. ముందే ఓ మాట, ఇది మన పిల్లలు కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం, విసరడం, అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేయడం. నన్నడిగితే మన కబడ్డీకి దగ్గర చుట్టం అంటాను, మా మేనల్లుడు మాత్రం ఒప్పుకోడు.

మాస్టారూ, మా అబ్బాయి అలబామాలో టస్కలూసా అనే ఊళ్ళో చదువుతున్నాడు. వాడు వెళ్ళిన ఏడాదే అక్కడి కోచ్ రిటైరైపోతే ఊరు ఊరంతా చావింట్లో కూర్చున్నట్టుందని చెప్పాడు. ఒక డ్రిల్లు మాస్టారు రిటైరైతే ఊరు ఏడవడమేటండీ? (ఓ అమ్మ, గరివిడి)

అమ్మా, ఆయన పేరు నిక్ సేబన్. 2024 జనవరి 10న రిటైర్ అయ్యాడు. అలబామా యూనివర్సిటీలో 17 సీజన్లు చేసి ఆరుసార్లు నేషనల్ టైటిల్ కొట్టించాడు, అంతకుముందు 2003లో ఎల్‌ఎస్‌యూలో, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీలో, ఇంకోటి. మీ అబ్బాయి ఉండే ఊరి జనాభా ఇంచుమించు లక్ష, అక్కడి స్టేడియంలో సీట్లూ లక్షే, అంటే మ్యాచ్ రోజు ఇంకో ఊరొచ్చి ఈ ఊళ్ళో కూర్చున్నట్టు. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు విజయనగరం ఎలా ఉంటుందో సీజన్లో ఏడెనిమిది శనివారాలు అలా ఉంటుందనుకోండి. ఏడవరా మరి?

అసలు మజా తర్వాత జరిగింది. సేబన్ కుర్చీలోకి వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కేలెన్ డిబోర్‌ని తెచ్చుకున్నారు, ఆయనేమో అదే వారం జనవరి 8న నేషనల్ టైటిల్ ఫైనల్ ఆడి మిషిగన్ చేతిలో ఓడిపోయి ఉన్నాడు, ఆ చెమట ఆరకుండానే బట్టలు సర్దుకున్నాడు. వాషింగ్టన్ ఖాళీ అయింది కదా, వాళ్ళు అరిజోనా నుంచి జెడ్ ఫిష్‌ని లాగారు. అరిజోనా వాళ్ళు శాన్ హోసే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెన్నన్‌ని, శాన్ హోసే వాళ్ళు ఇంకొకాయన్ని. ఆ ఫైనల్ గెలిచిన మిషిగన్ కోచ్ జిమ్ హార్బా కూడా ఆగలేదు, అదే నెలలో ప్రొఫెషనల్ టీముకి వెళ్ళిపోయాడు. కలెక్టరాఫీసులో ఒక తాసీల్దారుకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరొస్తే జిల్లాలో ఐదు మండలాలు కదులుతాయి చూడండి, అచ్చంగా అదే. కాకపోతే మన తాసీల్దారు వెనకాల ఆఫీసంతా లేచి వెళ్ళిపోదు, అక్కడ వెళ్ళిపోతుంది.

టీవీలో చూస్తే మైదానం పక్కన ఒకే రంగు చొక్కాలేసుకుని ముప్ఫై మంది నిలబడుంటారు, అందరూ కోచ్‌లేనట. ఒక్క ఆటకి అంతమందా? పని చేసేవాడెవడు, ఊరికే నిలబడేవాడెవడు? (బి.ఎస్., రాజాం)

మంచి ప్రశ్న బాబూ. నువ్వు పెళ్ళిళ్ళలో వంటశాల వైపు ఎప్పుడైనా వెళ్ళావా? నేను వెళ్తాను, భోజనం కంటే అదే ఇష్టం నాకు. వంట మేస్త్రి ఉంటాడు, నడుముకి తువ్వాలు, చెవి మీద పెన్ను. ఆయన గరిటె పట్టుకోడు. అడ్వాన్సు తీసుకునేది ఆయన, పెళ్ళివారితో మాట్లాడేది ఆయన, పులుసు చేతిలో వేసుకుని నాకి "ఉప్పు చాల్లేదు" అనేది ఆయన, మాటొస్తే పడేదీ ఆయనే. సెగ దగ్గర నిలబడి అన్నం వార్చేవాడు వేరు, పులిహోర కలిపేవాడు వేరు, బూరెలు వేసే ముసలాయన వేరు. మేస్త్రి ఇంకో ఊరు ఒప్పుకుంటే వీళ్ళందరూ అదే వ్యాన్ ఎక్కుతారు.

అక్కడ హెడ్ కోచ్ అంటే ఆ మేస్త్రి. ఆయన కింద ఇద్దరు పెద్ద తలకాయలు, ఆఫెన్స్ కోఆర్డినేటర్, డిఫెన్స్ కోఆర్డినేటర్. ఈ ఆటలో బంతి మన దగ్గరున్నప్పుడు ఆడే పదకొండుమంది వేరు, అవతలి వాళ్ళ దగ్గరున్నప్పుడు ఆపే పదకొండుమంది వేరు, కాబట్టి ఇద్దరూ రెండు వేరే టీములు నడిపినట్టే. బంతిని తన్నే సందర్భాలు కొన్ని ఉంటాయి, వాటికి స్పెషల్ టీమ్స్ కోఆర్డినేటర్ అని మూడో ఆయన. వాళ్ళ కింద పొజిషన్ కోచ్‌లు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ఒకరు, పట్టుకునే రిసీవర్లకి ఒకరు, ముందు గోడలా నిలబడే లావుపాటి కుర్రాళ్ళకి ఒకరు, ఇలా. ఇన్నాళ్ళూ హెడ్ కోచ్ కాక పదిమందే మైదానంలోకి దిగి ఆట నేర్పాలని రూలుండేది, ఆ పది కూడా 2018 నుంచే, అంతకుముందు తొమ్మిదే. మిగతావాళ్ళని ఎనలిస్టులని పేరు పెట్టి గదిలో కూర్చోబెట్టి వీడియోలు చూపించేవారు, ఆటగాడితో "ఇలా అడుగెయ్యి" అని ఒక్క మాటన్నా తప్పే. 2024లో అది ఎత్తేశారు, ఇప్పుడు ఎనలిస్టులూ నేర్పొచ్చు. కానీ ఊళ్ళు తిరిగి హైస్కూల్ కుర్రాళ్ళ ఇళ్ళకెళ్ళి "మా కాలేజీకి రా" అని అడిగే పని మాత్రం ఆ పదకొండుమందికే. నా లెక్కలో ఆ తిరుగుడే సగం ఉద్యోగం.

వీళ్ళు కాక స్ట్రెంత్ కోచ్ అని ఒకాయన, బరువులెత్తించేవాడు. ఈయన్ని తక్కువ అంచనా వెయ్యొద్దు, సీజన్ లేని నెలల్లో మిగతా కోచ్‌లు కుర్రాళ్ళతో గడిపే టైముకి లిమిట్లుంటాయి, పొద్దున్నే లేపి పరిగెత్తించేది ఈయనే. కొత్త హెడ్ కోచ్ వస్తే వెంట ముందుగా తెచ్చుకునే మనిషి చాలాసార్లు ఈయనే అవుతాడు.

మరి మ్యాచ్‌లో అసలు పనేది అంటే, ప్లే కాలింగ్, బంతి కదిలే ప్రతిసారీ ఎవడు ఏం చెయ్యాలో చెప్పడం. మొన్నో ఆదివారం తెల్లారి ఐదింటికి, అక్కడ శనివారం రాత్రి ఏడున్నర, మేనల్లుడు వీడియో కాల్‌లో మ్యాచ్ చూపించాడు. నేను బంతి చూళ్ళేదు, ఆ పక్కన నిలబడ్డ కోఆర్డినేటర్‌నే చూశాను. చేతిలో మన పంచాంగమంత ప్లాస్టిక్ అట్ట, దాని మీద రంగురంగుల గళ్ళలో చీమల్లా అక్షరాలు. అది నోటికి అడ్డం పెట్టుకుని గొణుగుతున్నాడు, అవతలివాళ్ళు పెదాలు చదివేస్తారని. 2024 నుంచి పెద్ద కాలేజీల్లో మైదానంలో ఒక్క ఆటగాడి హెల్మెట్‌లో చిన్న స్పీకర్ పెట్టొచ్చు, ఆ హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. కోచ్ గొణిగింది వాడి చెవిలో పడుతుంది, కానీ ఆ ప్లే మొదలెట్టడానికి ఇచ్చిన గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ లైను కట్టయిపోతుంది, ఆ తర్వాత కుర్రాడే చూసుకోవాలి. అంతకుముందు చేతి సైగలు, బొమ్మల అట్టలతో చెప్పుకునేవాళ్ళు, 2023లో మిషిగన్ స్టాఫ్‌లో చిన్న ఉద్యోగి ఒకడు ప్రత్యర్థుల సైగలు రికార్డు చేయించాడని పెద్ద గొడవైంది, హెడ్ కోచ్ మూడు మ్యాచ్‌లు బయట కూర్చోవాల్సొచ్చింది. మాట పడేది మేస్త్రే అన్నాను కదా.

జీతాలు నిజంగా కోట్లలోనా, మా వాడు కోతలు కోస్తున్నాడా? గవర్నమెంటు యూనివర్సిటీలో అంత ఎలా ఇస్తారు? (రిటైర్డ్ క్లర్కు, శ్రీకాకుళం)

కోతలు కాదండీ. జార్జియా యూనివర్సిటీ కోచ్ కర్బీ స్మార్ట్‌కి 2024 ఒప్పందం ప్రకారం ఏడాదికి సుమారు 13 మిలియన్ డాలర్లు. డాలరు 85 రూపాయలని ఉజ్జాయింపుగా వేసుకుంటే 110 కోట్లు. రెగ్యులర్ సీజన్లో మ్యాచ్‌లు 12, అంటే శనివారానికి తొమ్మిది కోట్ల పైన పడ్డట్టు. క్లెమ్‌సన్‌లో డాబో స్వీనీకి 2022లో పదేళ్ళకి 115 మిలియన్లు రాసిచ్చారు. కింది వాళ్ళు కూడా తక్కువేం తినట్లేదు, జిమ్ నోల్స్ అని డిఫెన్స్ కోఆర్డినేటర్, ఒహాయో స్టేట్‌కి టైటిల్ గెలిపించిన వెంటనే 2025 జనవరిలో పెన్ స్టేట్‌కి మారాడు, ఏడాదికి మూడు మిలియన్ల పైన, అంటే పాతిక కోట్లు. అసిస్టెంట్‌కి! అదే ఆఫీసులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అని కుర్రాడుంటాడు, ఫీజు మాఫీ, చేతికి కొద్దిగా స్టైపెండ్, రాత్రి పన్నెండింటిదాకా వీడియోలు కత్తిరిస్తూ.

గవర్నమెంటు సొమ్మా అన్నారు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్ళలో అందరికంటే ఎక్కువ తీసుకునేది గవర్నర్ కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. కానీ పెద్ద యూనివర్సిటీల్లో ఆ డబ్బు ఎక్కువగా టీవీ హక్కులు, టికెట్లు, పాత విద్యార్థుల విరాళాల నుంచి వస్తుంది. బిగ్ టెన్ అనే ఒక్క గ్రూపుకి టీవీవాళ్ళు 2023 నుంచి ఏడేళ్ళకి 7 బిలియన్ల పైన ఇస్తున్నారు. చిన్న యూనివర్సిటీల్లో మాత్రం విద్యార్థుల ఫీజుల్లోంచి కూడా లాగుతారు, అది నాకు నచ్చదు. ఇంకోటి, మీరు క్లర్కుగా చేశారు కాబట్టి మీకు నచ్చుద్ది, ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి మన సమాచార హక్కు లాంటి చట్టం కింద పేపరువాళ్ళు కాంట్రాక్టు కాపీ తెప్పించుకుని అచ్చేస్తారు, కారు అలవెన్సు దగ్గర్నుంచి విమానం గంటల దాకా. ప్రైవేటు యూనివర్సిటీలకి ఆ బాధ తక్కువ.

సార్, ఓడిపోతున్నాడని కోచ్‌ని తీసేశారట, తీసేసినందుకు ఆయనకే వందల కోట్లిస్తారట. ఇదెక్కడి న్యాయం? మనకి తీసేస్తే నెల జీతం కూడా ఎగ్గొడతారు. (ఎల్.ఆర్., బొబ్బిలి)

తమ్ముడూ, నీ కడుపుమంట అర్థమైంది. దీన్ని బైఔట్ అంటారు. ముందు మన సంగతి చెప్తాను. నేను రిటైరయ్యాక ఓ కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో రెండేళ్ళు చేశాను, పేరు వద్దులే. అక్కడ లెక్కల లెక్చరర్ ఒకాయన ఉండేవాడు, మంచి డిమాండు. చేరేటప్పుడు అగ్రిమెంటు రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకున్నారు, మధ్యలో మానేస్తే మూడు నెలల జీతం కట్టాలని. ఆయన సంక్రాంతి సెలవులకి ముందు రోజు పక్క కాలేజీకి మాట ఇచ్చేశాడు, ఆ మూడు నెలల డబ్బు కట్టింది పక్క కాలేజీ వాళ్ళే. ఆయనతోపాటు ఇద్దరు జూనియర్ లెక్చరర్లు, ఒక హాస్టల్ వార్డెన్, ఓ పదిహేనుమంది పిల్లలు కూడా మారిపోయారు. పండగయ్యాక స్టాఫ్ రూమ్‌కి వెళ్తే ఆయన టేబుల్ మీద స్టీలు గ్లాసు ఒక్కటే ఉంది.

అమెరికాలో కోచ్ తనంతట తను వెళ్ళిపోతే అచ్చంగా ఇదే, పాత యూనివర్సిటీకి కట్టాల్సింది చాలాసార్లు కొత్త యూనివర్సిటీ కడుతుంది. తేడా అంతా వాళ్ళే తీసేసినప్పుడు. కోచ్‌కి ఏజెంటు ఉంటాడు, వాడు పదేళ్ళ కాంట్రాక్టు రాయించి "మధ్యలో తీసేస్తే మిగిలిన జీతం ఇవ్వాల్సిందే" అని గ్యారంటీ పెట్టిస్తాడు. టెక్సస్ ఎ అండ్ ఎమ్ యూనివర్సిటీ 2017లో జింబో ఫిషర్‌ని పదేళ్ళకి 75 మిలియన్ల గ్యారంటీతో తెచ్చింది. 2021లో, ఇంకెవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయంతో, ఇంకా గడువున్న కాంట్రాక్టునే 2031 దాకా పొడిగించి జీతం పెంచింది. 2023 నవంబర్లో తీసేసింది. కట్టాల్సింది 76 మిలియన్ల పైన, మన లెక్కలో దాదాపు 650 కోట్లు. అరవై రోజుల్లో 19 మిలియన్లు, మిగతాది 2031 దాకా ఏటా ఏడు మిలియన్ల చొప్పున. పైగా ఆయన ఇంకోచోట ఉద్యోగం చూసుకున్నా ఒక్క పైసా తగ్గదని రాసుంది.

అందరికీ అలా ఉండదు. చాలా కాంట్రాక్టుల్లో, నువ్వు వేరే ఉద్యోగం చేస్తే ఆ జీతం మేరకి మేమిచ్చేది తగ్గిస్తాం అని ఉంటుంది. దీంతో ఒక తమాషా పుట్టింది. టెనెసీలో బుచ్ జోన్స్‌ని 2017లో తీసేశారు, ఎనిమిది మిలియన్ల పైన బాకీ. ఆయన 2018లో అలబామాలో సేబన్ దగ్గర ఏడాదికి 35 వేల డాలర్లకి చేరాడు! పెద్ద కోచ్, ఇంటర్న్ జీతం. ఎందుకంటే ఎక్కువ జీతానికి చేరితే లాభపడేది టెనెసీ వాళ్ళు, తక్కువకి చేరితే పాత డబ్బు దాదాపు మొత్తం వస్తుంది, ఉత్తినే కూర్చునేకంటే ఈలోగా సేబన్ దగ్గర పని నేర్చుకుంటాడు. సేబన్‌కేమో కోటీశ్వరుడు చవగ్గా దొరికాడు. ఇలా పదవులు పోయినవాళ్ళు బాగుపడి వెళ్ళే ఆస్పత్రిలా ఉండేది అక్కడి ఆఫీసు.

2025 అక్టోబర్ అయితే మరీ ఘోరం, పెన్ స్టేట్ వాళ్ళు జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని, ఎల్‌ఎస్‌యూ వాళ్ళు బ్రయాన్ కెల్లీని ఒకే నెలలో సీజన్ మధ్యలో పంపించేశారు, ఇద్దరి కాంట్రాక్టుల్లో మిగిలింది కలిపితే వంద మిలియన్లు. నా అభిప్రాయం అడిగితే, జీతం మీద నాకు కోపం లేదు, గెలిపిస్తున్నాడు తీసుకుంటున్నాడు. కానీ ఆ పొడిగింపు సంతకం పెట్టిన పెద్దమనుషులున్నారే, వాళ్ళ జేబులోంచి ఒక్క డాలరూ పోలేదు, అక్కడ కోపం వస్తుంది.

కోచ్ మధ్యలో వెళ్ళిపోతే ఆడే పిల్లల గతేంటి? (డిగ్రీ స్టూడెంట్, టెక్కలి)

ఇప్పుడు వాళ్ళూ వెళ్ళిపోతారు. 2018 నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, పేరు నమోదు చేసుకుంటే వేరే కాలేజీలు పిలుస్తాయి, హెడ్ కోచ్ మారితే ఆ టీము పిల్లలకి ప్రత్యేకంగా గడువు కూడా ఇస్తారు. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు, మొదటి ఏడాది అన్ని ఆటలకీ కలిపి కాలేజీకి 20.5 మిలియన్ల దాకా. అందుకే స్టాఫ్‌లో జనరల్ మేనేజర్ అని కొత్త కుర్చీ వచ్చింది, ఏ కుర్రాడికి ఎంత అని లెక్కలేసేవాడు.

లేన్ కిఫిన్ కథ చూడు. 2025లో ఆయన కోచ్‌గా ఉన్న ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) టీము 11 గెలిచి ఒక్కటే ఓడి ప్లేఆఫ్‌కి, అంటే టైటిల్ కోసం ఆడే నాకౌట్ మ్యాచ్‌లకి, వెళ్తోంది, సరిగ్గా అప్పుడు నవంబర్ 30న ఎల్‌ఎస్‌యూకి వెళ్ళిపోయాడు. ప్లేఆఫ్ అయ్యేదాకా ఉండి ఆడిస్తానన్నాడు, ఓల్ మిస్ వాళ్ళు కుదరదన్నారు, డిఫెన్స్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్‌నే హెడ్ కోచ్‌ని చేసేశారు. ముహూర్తం దగ్గర పడ్డాక వెళ్ళిపోయిన మేస్త్రిని వడ్డనకి మాత్రం వస్తానంటే ఎవరు రానిస్తారు? ఇదే కిఫిన్‌ని 2013లో సదరన్ కాలిఫోర్నియా వాళ్ళు మ్యాచ్ ఓడి వస్తే ఎయిర్‌పోర్టులోనే తీసేశారు. అందుకే ఈ విషయంలో ఎవర్నీ మరీ జాలిగా చూడలేను, పిల్లల్ని తప్ప.

అమెరికా గొప్పలు చాలుగానీ మాస్టారూ, మన దగ్గర మెడల్స్ తెచ్చిన కోచ్‌లకి ఏటిచ్చారో రాయండి. (ఆమదాలవలస నుంచి ఓ పాత లిఫ్టర్)

రాస్తాను, నువ్వు దెప్పావని కాదు. మీ ఆమదాలవలస పక్కనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 69 కేజీల్లో 240 కిలోలెత్తి కంచు తెచ్చింది, ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ. చిన్నప్పుడు ఆ అమ్మాయికి బరువు పట్టుకోవడం నేర్పింది నీలంశెట్టి అప్పన్నగారు. ఇటు నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చూడు, ఒక పల్లెటూరు, ఇంటికో లిఫ్టర్ ఉన్నట్టుంటుంది, మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్‌లో మెడల్ కొట్టింది అక్కణ్ణుంచే. వీళ్ళ వెనకాల కోఆర్డినేటర్లు లేరు, ఎనలిస్టులు లేరు.

మా కాలేజీలో నాకు ముందున్న పీడీగారిని, అంటే ఫిజికల్ డైరెక్టర్‌ని, చెప్తాను. పొద్దున్న ఐదున్నరకి డాల్డా డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు పొడిచి, అందులో సున్నం పోసి, వెనక్కి నడుచుకుంటూ ఖోఖో కోర్టు గీతలు గీసేవారు. తాడు పట్టుకునే మనిషి లేకపోతే ఒక కొస మేకుకి కట్టి, ఇంకో కొస పంచె మొలలో దోపుకుని. హెడ్ కోచ్ ఆయనే, స్ట్రెంత్ కోచ్ ఆయనే, దెబ్బ తగిలితే అయోడిన్ రాసేదీ ఆయనే. మధ్యాహ్నం పరీక్షల ఇన్విజిలేషను, ఎలక్షన్లొస్తే పోలింగు డ్యూటీ. యూనివర్సిటీ పోటీలకి టీముని తీసుకెళ్తే పిల్లల టిఫిన్ డబ్బులు జేబులోంచి పెట్టి బిల్లు పెట్టుకునేవారు, ఆ బిల్లు తర్వాతి ఏడాదికి గానీ పాసయ్యేది కాదు. ఒకసారి పూరీ ప్లేటు రేటు ఎక్కువ రాశారని ఆఫీసు వాళ్ళు వెనక్కి పంపితే, ఆయన కోపంగా ఏమీ అనలేదు, హోటల్ వాడి దగ్గరికి మళ్ళీ వెళ్ళి రసీదు రాయించుకొచ్చారు.

మాస్టారు, మా అబ్బాయి డేటా సైన్స్ చదువుతున్నాడు, అక్కడి ఫుట్‌బాల్ ఆఫీసులో పార్ట్‌టైమ్ దొరుకుతుందంటున్నాడు. ఆట ఆడటం రాదు. పంపొచ్చా? (నాన్న, పలాస)

పంపండి, ఆడటం రానక్కర్లేదు. వీడియో సెక్షన్లో స్టూడెంట్లని పెట్టుకుంటారు, ప్రాక్టీసు రోజు ఎత్తైన స్టాండెక్కి కెమెరా తిప్పాలి, తర్వాత ఒక్కో ప్లేని కత్తిరించి ఇది ఎన్నో డౌన్ (ఎన్నో ప్రయత్నం), ఎన్ని గజాలు, ఏ ఫార్మేషన్ (ఆటగాళ్ళు నిలబడ్డ వరస) అని ట్యాగ్ చెయ్యాలి. కోఆర్డినేటర్ తెల్లారి కుర్చీలో కూర్చునేసరికి అది సిద్ధంగా ఉండాలి. స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ లోపలి పని అయితే చెయ్యొచ్చు, క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు, ఈ గంటల లెక్క మీ వాడే రాసుకోవాలి, ఎందుకంటే ఆ ఆఫీసుల్లో గడియారం చూసే అలవాటు ఎవరికీ ఉండదు. చేరేముందు యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో ఒకసారి అడిగి రాతపూర్వకంగా తీసుకోమనండి. ఇంకోటి, డిసెంబరులో చేరొద్దనండి. డిసెంబరులో హెడ్ కోచ్ ఎగిరిపోతే వీణ్ణి పిలిచిన మనిషి కూడా వ్యాన్ ఎక్కేసుంటాడు. ఫిబ్రవరిలో అయితే కొత్తవాళ్ళు సర్దుకునుంటారు, మార్చి ఏప్రిల్‌లో స్ప్రింగ్ ప్రాక్టీసులకి మనుషులు కావాలి కూడా. మరీ చలి, మీ పలాస కుర్రాడు ఆ స్టాండు మీద మంకీ క్యాప్ పెట్టుకున్నా ఎవరూ నవ్వరులెండి.